ముప్ఫై రెండు జతల చెవులు

"ఇది చదివి నవ్వకుండా ఉండగలిగితే ఈ కేసు నీది," అన్నాడు గురునాథం.

ఒంగోలులో గ్రానైట్ ఎక్స్‌పోర్ట్స్ అని బోర్డు పెట్టుకున్న ఆ రెండో అంతస్తు ఆఫీసులో ఇప్పటిదాకా ఒక్క రాయి కూడా అమ్ముడుపోలేదు. గోడలకి ఆనించిన నల్లరాయి శాంపిల్స్ వెనక వైర్‌లెస్ సెట్లున్నాయి. గురునాథం రహస్య నిఘా శాఖకి కోస్తా విభాగం చీఫ్. ఎదురుగా కూర్చున్న శశిభూషణ్ ఆయన కింద ఫీల్డ్ ఏజెంట్. వయసు ముప్ఫై ఎనిమిది. పదకొండు మిషన్లు, రెండు బులెట్ గాయాలు, ప్రమోషన్లు సున్నా.

శశిభూషణ్ కాగితం అందుకున్నాడు. పర్చూరు దగ్గరి ఒక పల్లె నుంచి పేరయ్య అనే రైతు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదుకి జిరాక్స్ అది.

'నా ఎడ్లజతను పందేలకు ముందు ఉచిత హెల్త్ చెకప్ అని చెప్పి వెట్రాసోన్ కంపెనీ వారు పన్నెండు రోజులు తీసుకుపోయినారు. తిరిగి తెచ్చి కట్టేసినవి నా ఎడ్లు కావు. రంగు అదే, కొమ్ములు అవే, నా ముద్ర కూడా ఉన్నది. కాని పిలిస్తే పలకవు. నా ఎడ్లు నాకు ఇప్పించవలెను.'

శశిభూషణ్ నవ్వలేదు. "పోలీసులేం చేశారు సార్?"

"నవ్వారు. ముద్ర ఉన్న ఎద్దు నీది కాకపోతే ఎవరిదయ్యా అని పంపించేశారు."

నవ్విన వాళ్ళలో ఒక్కడైనా లేచి వెళ్ళి ఆ ఎద్దు ముఖం చూడలేదు. శశిభూషణ్‌కి అక్కడే కోపం మొదలైంది.

గురునాథం ఫైలు తెరిచాడు. "వెట్రాసోన్ యానిమల్ కేర్. నల్లపాడు అవతల ఒక పాత మిర్చి కోల్డ్ స్టోరేజీ లీజుకి తీసుకుంది. డైరెక్టర్ మార్టిన్ క్రోల్. మూడు పాస్‌పోర్టులు, మూడు దేశాలు. ఏ దేశంలోనూ ఒక్క ఆవుకి మందు వేసిన రికార్డు లేదు."

"లోపల మనవాళ్ళున్నారా?"

"ఒకరున్నారు. పేరు నీకనవసరం. 'తేజా రేటెంత' అని అడుగు. 'తాలు ఎక్కువొచ్చిందండీ' అంటే మన మనిషి. నిజంగా ఇంకా మన మనిషేనా, అమ్ముడుపోయిందా అన్నది నువ్వే తేల్చాలి."

తేజా అంటే ఇక్కడ ఊరూరా పండే మిర్చి రకం. తాలంటే రంగుపోయిన కాయ. రోజుకి లక్షసార్లు వినిపించే మాటలు కాబట్టి కోడ్‌కి వీటిని మించినవి లేవని గురునాథం గర్వం.

"ఇంతకీ పశువులతో ఏం చేస్తున్నారు వాళ్ళు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను?" గురునాథం కళ్ళజోడు తుడుచుకుంటూ సొరుగులోంచి ఒక చిన్న డబ్బా తీశాడు. చూడ్డానికి మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్. "ఇది పాటలు పాడదు. చెవిలోకి చిన్న టిక్కు శబ్దం పంపుతుంది. మంచి చెవి, మనిషిదైనా పశువుదైనా, లోపల్నించి దానికి బదులు పలుకుతుంది. మనకి వినపడనంత చిన్నగా. పచ్చ లైటు వెలిగితే చెవి బతికున్నట్టు. ఎర్ర లైటయితే చచ్చినట్టు."

ఏమీ తెలియదన్న మనిషి చెవుల పరికరం మాత్రం సిద్ధంగా పెట్టుకున్నాడు. శశిభూషణ్ ఆ సంగతి మనసులో రాసుకుని లేచాడు.

మర్నాడు, సోమవారం పొద్దున ఏడున్నరకి, పంచె కట్టి భుజాన తువ్వాలు వేసుకున్న పశువుల బ్రోకరొకడు పేరయ్య కొట్టం ముందు మోటార్‌సైకిల్ ఆపాడు.

కొట్టంలో రెండు ఒంగోలు గిత్తలు. తెల్లని ఒళ్ళు, ఎత్తైన మూపురాలు. బండలాగుడు పందేల్లో సీనియర్స్ విభాగంలో మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి తెచ్చిన జత. పేరయ్యకి అరవై దాటాయి. గొంతు మాత్రం నాలుగు పొలాల అవతలికి వినిపిస్తుంది. పందెంలో ఆయన కర్ర పట్టడు. ఆయన కేకకే బండ కదిలేది.

"అమ్మేది లేదు. ఇయ్యి నా ఎడ్లు కావు. ఎవడి ఎడ్లో నేనెట్టా అమ్ముతానయ్యా?" అన్నాడు పేరయ్య.

"ముద్ర నీదే కద బాబాయ్?"

"ముద్ర కాల్చటం ఎంతసేపు? నా గోపన్న పేరు పెట్టి పిలిస్తే పడుకున్నోడు లేచి నిలబడేవాడు. ఇదుందే, చూడు." పేరయ్య నోరారా అరిచాడు. "గోపన్నా!"

వీధిలో కుక్క అదిరిపడి పారిపోయింది. ఎద్దు చొప్ప నములుతూనే ఉంది. చెవి కూడా కదపలేదు.

శశిభూషణ్ దగ్గరికి వెళ్ళి చూశాడు. వీపు మీద కొత్త వాతలు, ఒకటి రెండు చోట్ల నెత్తురు గడ్డకట్టి ఉంది. "ఇవేంటి బాబాయ్?"

"నేనే కొట్టా. మొన్న పందానికి కడితే కేకేసినా కదల్లా. జనమంతా నవ్వారు. ముప్పయ్యేళ్ళుగా ఎద్దు మీద చెయ్యేసినోణ్ణి కాదు నేను. ఇది నాది కాదుగా, అందుకని కొట్టా."

పళ్ళు చూసే నెపంతో శశిభూషణ్ ఇయర్‌బడ్ ఎద్దు చెవిలో పెట్టాడు. ఎర్ర లైటు. రెండో చెవి, ఎర్ర లైటు. పక్క ఎద్దుకీ అంతే. పలుపు విప్పి నాలుగడుగులు నడిపించాడు. గోపన్న తల ఒక పక్కకి వాల్చి, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, వానలో గట్టు మీద నడిచే మనిషిలా నడిచింది. వాకిట్లో చిన్న మురుగుకాలవ దగ్గర తూలింది.

"బాబాయ్, ఇది నీ ఎద్దే. లోపలి చెవి పోయింది. వినికిడీ, నడకలో తూకమూ రెండూ అక్కణ్ణించే."

పేరయ్య ముఖం నల్లబడింది. "ఏవయ్యా! పన్నెండు రోజుల్లో రెండెడ్లకీ నాలుగు చెవులూ ఒక్కసారే పోతయ్యా? కంపెనీవోడు పంపాడా నిన్ను? నా గోపన్నని నా చేత్తో నేను కొట్టుకున్నానంటావా?"

అదీ అసలు సంగతి. ఎద్దు తనదేనని ఒప్పుకుంటే, ఆ వాతలు తను తన బిడ్డలాంటి దానికి వేసినవని ఒప్పుకోవాలి. అందుకే ఆయన ఫిర్యాదు పట్టుకుని స్టేషన్ చుట్టూ, కంపెనీ గేటు చుట్టూ తిరుగుతున్నాడు. పేరయ్య కర్ర అందుకున్నాడు. శశిభూషణ్ మోటార్‌సైకిల్ అందుకున్నాడు.

దారిలో పంచె పోయి సఫారీ సూట్ వచ్చింది. పదకొండింటికి నల్లపాడు కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర వాచ్‌మన్ ఖాజావలి రిజిస్టర్‌లో 'ఫైర్ ఇన్స్యూరెన్స్ సర్వేయర్' అని రాసుకుని లోపలికి పంపాడు.

ముందు రెండు చాంబర్లలో పైకప్పు దాకా మిర్చి బస్తాలు. ఘాటుకి గొంతులో కారం దిగింది. బస్తాలు మోసే హమాలీలు హఠాత్తుగా అడుగు తడబడి పక్కకి చూశారు. ఎందుకంటే ఎర్ర కారు దిగి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తెల్ల కోటు కింద ముదురాకుపచ్చ చీరతో ఒకామె హైహీల్స్ టకటకలాడించుకుంటూ వస్తోంది. కోటు జేబు మీద 'డాక్టర్ జ్యోతిర్మయి, అకౌస్టిక్స్' అని ఉంది.

"సర్వే ఎంతసేపండీ?" అంది ఆమె.

"ఎంతసేపో కాదు మేడమ్. ఈ వారం తేజా రేటెంత?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "తాలు ఎక్కువొచ్చిందండీ. రండి, నాలుగో చాంబర్ చూపిస్తాను. క్రోల్ ఫోన్‌లో ఉన్నాడు. పది నిమిషాలే మనకి."

నాలుగో చాంబర్లో మిర్చి లేదు. గోడలకి నిలువెత్తు స్పీకర్లు, మూల నైట్రోజన్ సిలిండర్లు, నేల మీద పశువుల్ని కట్టే గుంజలు. ఒక గుంజకి మేక మెడతాడు ఇంకా వేలాడుతోంది.

"పశువుల్ని ఇక్కడే పెడతారు," అంది జ్యోతిర్మయి. "నైట్రోజన్ వదిలి గాలిలో ఆక్సిజన్‌ని ఇరవై ఒక్క శాతం నుంచి పన్నెండుకి దించుతారు. అదొక్కటే చేస్తే చెవి మొద్దుబారుతుంది, బయటికి తెస్తే రెండ్రోజుల్లో కోలుకుంటుంది. మోత ఒక్కటే వినిపిస్తే, పెళ్ళి డీజే పక్కన నిలబడ్డట్టు నాలుగు రోజులు గుయ్యిమని తగ్గిపోతుంది. రెండూ కలిపితే మాత్రం చెవి తిరిగి రాదు."

"ఎందుకు?"

"మోత పెరిగేకొద్దీ చెవి లోపలి కణాలకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే లేకుండా చేస్తారు. నడివేసవిలో నీళ్ళు పెట్టకుండా ఎద్దు చేత బండ లాగించినట్టు."

"ఎవరి మీద వాడతారు దీన్ని?"

"నాకూ ఇవాళ పొద్దున్నే తెలిసింది. వాడరేవు బీచ్‌లో మధ్యాహ్నం మూడింటికి నేవీ వాళ్ళ సోనార్ ట్రైనింగ్ కంటైనర్ ప్రారంభం. సముద్రం అడుగున శత్రువు సబ్‌మెరైన్ చప్పుడు వినేవాళ్ళు. మెషీన్ ఎంత గొప్పదైనా చివరికి హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి చెవే తేల్చాలి. దేశం మొత్తం జల్లెడ పట్టి ఏరిన ముప్ఫై రెండు మంది. తలుపు సీల్ చేస్తారు. ఏసీ కాంట్రాక్టు బినామీ పేరుతో క్రోల్‌దే. మొదటి పావుగంట నైట్రోజన్. సరిగ్గా మూడూ పదిహేనుకి హెడ్‌ఫోన్లలో మోత మొదలు. బయటికొచ్చాక తలనొప్పంటారు, మాత్ర వేసుకుంటారు. నెల తర్వాత సముద్రం మీద డ్యూటీకెళ్తారు."

"శత్రువు వస్తుంటే వినపడదు."

"వినపడటం లేదని వాళ్ళకే తెలీదు. అదీ ఆయుధం."

శశిభూషణ్ మేక మెడతాడు వైపు చూశాడు. "ఎన్నింటి మీద చేశారు?"

"నలభై ఒకటి. ఎడ్లు, మేకలు, కుక్కలు." ఆమె గొంతు గట్టిగానే ఉంది కానీ చేతులు కోటు జేబుల్లోకి వెళ్ళాయి. "స్విచ్ వేసింది నేనే. వేయకపోతే ఇక్కడ ఉండనివ్వరు."

"మన ఆఫీసుకి తెలుసా?"

"పదహారు వారాలు. వారానికో రిపోర్టు. గురునాథం గారి చేతికే."

శశిభూషణ్‌కి ఒంగోలు ఆఫీసు గుర్తొచ్చింది. ఏమీ తెలియదని కళ్ళజోడు తుడుచుకున్న మనిషి! ఇంకో మాట అనేలోపు వెనక బూట్ల చప్పుడు. అంతే వేగంగా జ్యోతిర్మయి చేతిలో పిస్టల్ ప్రత్యక్షమై అతని ఛాతీకి గురిపెట్టింది.

"మిస్టర్ క్రోల్, ఈయన సర్వేయర్ కాదు," అంది ఇంగ్లీషులో.

సన్నగా, పొడవుగా, ఎండకి కందిన ముఖంతో మార్టిన్ క్రోల్ లోపలికొచ్చాడు. వెనక ఇద్దరు గార్డులు. శశిభూషణ్ ఫోనూ, ఐడీ, పిస్టలూ లాక్కున్నారు.

"ఇప్పటిదాకా మనిషి మీద చేసి చూడలేదు," అన్నాడు క్రోల్ తాపీగా. "ఈ ఒక్క రీడింగే తక్కువైంది. థాంక్యూ."

తలుపు మూసుకుంది. నైట్రోజన్ బుస్సుమంది.

శశిభూషణ్ రుమాలు చించి చెవుల్లో కుక్కుకున్నాడు. కదిలితే ఊపిరి ఎక్కువ కావాలి కాబట్టి నేల మీద బోర్లా పడుకున్నాడు. పావుగంటకి తల బరువెక్కింది. ఆ తర్వాత మోత మొదలైంది. అది చెవిలోకి రాలేదు, పళ్ళలోకి, ఎముకల్లోకి వచ్చింది. రుమాలు ముక్కలు ఎందుకూ చాలలేదు. కళ్ళు మూసుకుంటే నేల తిరుగుతోంది, తెరిస్తే గోడలు తిరుగుతున్నాయి. నోరులేని గొడ్డు, ఎందుకో తెలియకుండా, గుంజకి కట్టేసి ఉండి, పన్నెండు రోజులు దీన్ని భరించింది. అది తలుచుకుని అతను పళ్ళు నూరాడు. ఎడమ చెవిలో ఏదో దారం తెగినట్టయింది.

పన్నెండూ నలభైకి తలుపు ఊగింది. మళ్ళీ ఊగింది. గడ్డపార మొన ఒకటి లోపలికి దూసుకొచ్చింది.

"ఎక్కడరా నా ఎడ్లు!" తలుపు ఊడగానే పేరయ్య గొంతు మోతని మించి లేచింది. వెనక పాతికమంది ఊరి జనం, రెండు బొలేరో బళ్ళు. క్రోల్, జ్యోతిర్మయి అప్పటికే వాడరేవు బయల్దేరారు. మిగిలిన ఇద్దరు గార్డులూ పాతికమందిని చూసి గోడ దూకారు. "ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది, నీ అసలు ఎడ్లు నాలుగో చాంబర్లో దాచారని. ఏయీ? ఎక్కడ?"

ఖాజావలి పరిగెత్తి మెయిన్ ఆఫ్ చేశాడు. శశిభూషణ్ లేచి నిలబడి బయటికి నడిచాడు.

తల ఒక పక్కకి వాలింది. కాళ్ళు ఎడంగా పడ్డాయి. గడప దగ్గర తూలాడు.

పేరయ్య ఆ నడక చూస్తూ నిలబడిపోయాడు. "ఏవయ్యా," అన్నాడు. జవాబు లేదు. వెనక్కెళ్ళి "ఏవయ్యా!" అని అరిచాడు. శశిభూషణ్ తల తిప్పలేదు. గడ్డపార పేరయ్య చేతిలోంచి జారింది. గుంజల్ని చూశాడు, స్పీకర్లని చూశాడు, మిర్చి దుమ్ములో కూలబడి కుడిచేత్తో తన ముఖం మీద తనే కొట్టుకున్నాడు. ఊరి జనంలో ఎవరూ ఆపలేదు.

"గోపన్న నీదే బాబాయ్," అన్నాడు శశిభూషణ్. తన గొంతు తనకే వినపడక గట్టిగా అరిచాడు. "ఇప్పుడు ముప్ఫై రెండు మందికి ఇదే చెయ్యబోతున్నారు. వాడరేవులో. మూడింటికి. ఫోనివ్వు!"

నంబరు నొక్కి పేరయ్య చేతికిచ్చాడు. "నాకు వినపడదు. నువ్వు మాట్లాడు. ఆక్సిజన్ తీసేస్తున్నారని చెప్పు."

అవతల గురునాథం ఎత్తాడు. "తేజా రేటెంత?"

పేరయ్య ఒక్క క్షణం ఫోను వంక చూశాడు. "తేజానా? నాకేం తెలుసయ్యా, నేనేసింది పొగాకు! ముందు ఈ మాట విను..."

లైన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఆ నంబరు బ్లాక్.

ఇంక ఆలస్యం చేయలేదు. పేరయ్య శశిభూషణ్ భుజం పట్టుకుని బొలేరో ఎక్కించాడు. చిలకలూరిపేట, పర్చూరు, చీరాల. రోడ్డుకి అటూ ఇటూ కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్రగా వెనక్కి పరిగెత్తాయి. నేవీ నంబర్లేవీ శశిభూషణ్‌కి నోటికి రావు, అన్నీ పోయిన ఫోన్‌లోనే ఉన్నాయి. బల్లి తోకలా కొట్టుకుంటున్న స్పీడోమీటర్ ముల్లు మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాడు.

వాడరేవులో బండి దిగేసరికి మూడూ తొమ్మిది.

ఇసుకలో తెల్లటి పొడవాటి కంటైనర్. పక్కన జనరేటర్, దూరంగా షామియానా, అందులో అతిథుల మధ్య తెల్ల సూట్‌లో క్రోల్. ఒళ్ళో టాబ్లెట్. పక్క కుర్చీలో జ్యోతిర్మయి. కంటైనర్ తలుపు అప్పటికే సీలయింది. తాడు కట్టిన చోట ఇద్దరు జవాన్లు తుపాకులు అడ్డం పెట్టారు. వాళ్ళు ఆగమన్నది శశిభూషణ్‌కి వినపడలేదు. ఇంకో రెండడుగులు వేసేవాడే, పేరయ్య నడుం పట్టుకుని ఆపాడు.

"లోపల ఆక్సిజన్ లేదు! తలుపు తెరవండి!" శశిభూషణ్ గొంతు చించుకున్నాడు.

ఇన్‌ఛార్జి కమాండర్ శ్రీకృష్ణ వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి, ఆ ముప్ఫై రెండు మందినీ స్వయంగా ఏరినవాడు. వాళ్ళిద్దర్నీ కంటైనర్ దగ్గరికి తీసుకెళ్ళి గోడ మీది మీటర్ చూపించాడు. 20.9 శాతం. పచ్చగా వెలుగుతోంది. "తాగొచ్చారా?" అన్నట్టు చూశాడు. తూలే కాళ్ళు, గట్టి అరుపు. అలాగే కనిపించాడు మరి.

"మీటర్ వాళ్ళదే సార్!"

మూడూ పదకొండు.

జవాన్లు ఆపినందుకు మండిపడ్డ పేరయ్య అప్పటికే చుట్ట ముట్టించాడు. లాగి, విసుగ్గా కంటైనర్ గోడకి ఆనుకున్నాడు. గోడలోంచి లోపలి గాలిని బయటికి కొట్టే గొట్టం ఒకటి సరిగ్గా ఆయన ముఖం పక్కనే ఉంది. రెండు క్షణాలకి చుట్ట నోట్లోంచి తీసి చూసుకున్నాడు.

"ఇదేందయ్యా! ఇంత గాలి కొడతా ఉంటే చుట్ట కణకణలాడాలి గదా. ఆరిపోతాందేంది?"

శ్రీకృష్ణ వెనక్కి తిరిగాడు. చుట్ట లాక్కుని సముద్రపు గాలికి పట్టాడు. కొస ఎర్రబడింది. గొట్టానికి పెట్టాడు. నల్లబడింది. మళ్ళీ గాలికి, ఎరుపు. మళ్ళీ గొట్టానికి, నలుపు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"తలుపు తెరవండి! ఇప్పుడే!"

జవాన్లు హ్యాండిల్ లాగారు. కదల్లేదు. షామియానాలో క్రోల్ వేలు టాబ్లెట్ మీద ఉంది. కరెంటుతో బిగుసుకునే అయస్కాంతపు తాళం.

మూడూ పదమూడు.

శశిభూషణ్ జనరేటర్ వైపు పరిగెత్తాడు. ఇసుక ఒక పక్కకి ఒరిగింది. పడ్డాడు. లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఇంక లేవలేదు. మోకాళ్ళ మీద, మోచేతుల మీద పాకాడు. కళ్ళు చెబుతున్న దిక్కు ఒకటి, చెవి లోపల తెగిపోయినది చెబుతున్న దిక్కు ఒకటి. కళ్ళని నమ్మాడు. జనరేటర్ అంచు దొరికింది. ఎర్ర లివర్ పట్టుకుని ఒంటి బరువంతా వేసి కిందికి లాగాడు.

ఆగిందో లేదో వినపడదు. అరచెయ్యి ఇంజిన్ మీద ఆనించాడు. వణుకు తగ్గింది. తగ్గింది. పోయింది.

కంటైనర్ తలుపు దానంతటదే ఊడి వచ్చింది. మూడూ పద్నాలుగు నిమిషాల యాభై సెకన్లు. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతూ, దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుని ముప్ఫై రెండు మంది ఇసుకలోకి వచ్చిపడ్డారు. షామియానాలో క్రోల్ లేచి రెండడుగులు వేశాడు. మూడో అడుగు వేయలేదు. అతని వెన్నులో జ్యోతిర్మయి పిస్టల్ ఉంది.

సాయంత్రం వరకూ ఆమె శశిభూషణ్ జేబులోని ఇయర్‌బడ్ తీసుకుని ఇసుకలో మోకాళ్ళ మీద తిరిగింది. ఒక్కో చెవి. పచ్చ. పచ్చ. పచ్చ. అరవై నాలుగు చెవులూ బదులు పలికాయి. చివరికి శశిభూషణ్ దగ్గరికొచ్చింది. కుడి చెవికి లైటు పచ్చగా మినుకుమంది. ఎడమ చెవికి ఎర్రగా నిలిచిపోయింది.

ఆమె ఆహ్వాన పత్రిక వెనక రాసి చూపించింది. 'వాచ్‌మన్ ఫోన్‌లోంచి ముందు ఆఫీసుకి చేశాను. సార్ టీకి వెళ్ళారన్నారు. తర్వాత పేరయ్యకి చేశాను. మామూలు మాట చెబితే రాడు, ఎడ్లు దొరికాయంటే వస్తాడని తెలుసు. షామియానాలో ముందే పిస్టల్ తీస్తే క్రోల్ వేలు అప్పుడే మోత మొదలుపెట్టేది. నన్ను క్షమించు.'

"నాకెందుకు చెబుతావ్?" అన్నాడు శశిభూషణ్. ఎంత గట్టిగా అన్నాడంటే జాలర్లు కూడా తిరిగి చూశారు. "నలభై ఒకటి ఉన్నాయిగా. వెళ్ళి వాటికి చెప్పు. వింటాయేమో చూడు."

పన్నెండు రోజుల తర్వాత ఒంగోలు ఆఫీసులో గురునాథం షేక్‌హ్యాండ్ ఇవ్వబోయాడు. శశిభూషణ్ చెయ్యి కదపలేదు.

"పదహారు రిపోర్టులు సార్. మీరు మొదటిదానికే కదిలుంటే నలభై ఒక్క ప్రాణులు బాగుండేవి."

"ముందే పట్టుకుంటే టార్గెట్ ఎవరో తెలిసేది కాదు శశీ. పెద్ద చేప కోసం ఆగాలి. అయినా అప్పటికి జంతువులేగా? మనుషుల దాకా రాలేదుగా?"

శశిభూషణ్ కుర్చీ తిప్పి ఎడమ చెవి ఆయన వైపు పెట్టి కూర్చున్నాడు. ఆ తర్వాత గురునాథం చెప్పిన పది నిమిషాల వివరణా గోడలకి ఆనించిన రాళ్ళు విన్నాయి.

అక్కణ్ణించి నేరుగా పేరయ్య ఊరెళ్ళాడు. కొట్టంలో పేరయ్య గోపన్న వీపు మీది వాతలకి వేపనూనె రాస్తున్నాడు. పిలవటం మానేశాడు. మెడ మీద అరచెయ్యి వేసి చిన్నగా తడితే ఎద్దు కదులుతోంది, రెండుసార్లు తడితే ఆగుతోంది. తడిసిన కళ్ళు తుడుచుకోకుండానే శశిభూషణ్ కుడివైపుకొచ్చి నిలబడ్డాడు.

"ఆ కంపెనీవోడికి ఏ శిక్ష పడుద్దయ్యా?"

"నేవీ కేసుంది బాబాయ్. గట్టిగానే పడుతుంది."

"ఎడ్ల కేసు?"

శశిభూషణ్ తలొంచుకున్నాడు. "అది బయటికి రాదు. రహస్యమట. ఏసీ పాడై ప్రారంభం వాయిదా పడిందని పేపర్లో వచ్చింది. ఎడ్ల ఊసే ఎత్తొద్దని నీకు చెప్పమన్నారు."

పేరయ్య నూనె గిన్నె కింద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. ఊపిరి పీల్చుకుని క్రోల్‌ని, వాడి కంపెనీని, నవ్విన పోలీసుల్ని, వాడు పుట్టిన మూడు దేశాల్ని, రహస్యమన్న ఆఫీసర్లని, వాళ్ళ ముందు ఏడు తరాల్ని వరసపెట్టి తిట్టటం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. పక్కూరి పొలాల్లో మిరపకాయలు కోసే కూలీలు నడుములెత్తి చూశారు.

ఆ తిట్లు వినపడనిది గోపన్నకీ, దాని జతకీ, శశిభూషణ్ ఎడమ చెవికీ. ఇంకా, రెండు చెవులూ శుభ్రంగా పనిచేస్తున్న ఒంగోలు ఆఫీసుకీ.